సోలోకు మారిన కాలర్ల సులస్త్రి

సులస్త్రి పందొమ్మిదేళ్లుగా జకార్తాలోని ఒకే కుట్టు ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుడుతోంది. ఆ ఫ్యాక్టరీ మధ్య జావాలోని సోలో నగరానికి తరలిపోతోందనీ, ఇష్టమున్నవాళ్లు రావచ్చనీ, జీతం మాత్రం సగమేననీ మేనేజరు చెప్పగానే తోటివాళ్లంతా భగ్గుమన్నారు. ఆమె మాత్రం తన కళ్లతో చూసొద్దామని ఆ శుక్రవారమే రైలెక్కింది.

మర్నాడు కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి నడక మొదలుపెట్టింది. అద్దెకిస్తామని అట్ట వేలాడదీసిన పెంకుటింటి ముందు ఆగి చూస్తే పదకొండు నిమిషాలు! నమ్మకం కుదరక వెనక్కి వెళ్లి మళ్లీ నడిచింది. మళ్లీ పదకొండే. జకార్తాలో పోను రెండు గంటలు, రాను రెండున్నర.

ఇంటావిడ ముర్నియాతి అరుగు మీంచి చూస్తోంది. "ఏమ్మా, మా వీధి కొలుస్తున్నావా?"

"అద్దెంత పిన్నీ?"

"నెలకు ఆరు లక్షల రుపియా."

"రెండు గదులకా! అక్కడ ఒక్క గదికే పదిహేను లక్షలు కడుతున్నాం. చెయ్యి చాపితే గోడ తగుల్తుంది."

"అయితే మీరు అద్దె కడుతోంది గోడలకన్నమాట!"

సాయంత్రం ముర్నియాతి పెరట్లోంచి షటిల్ కొట్టే చప్పుడు వినిపించింది. వీధి ఆడవాళ్లు నలుగురి ఆటకు ముగ్గురే ఉన్నారు. బళ్లో ఉండగా తాలూకా ఛాంపియనైన సులస్త్రి, జకార్తా వచ్చాక రాకెట్ ముట్టలేదు. చెప్పులు విడిచి దిగింది. చీకటి పడేదాకా ఆడి, రొప్పుతూనే మొగుడికి ఫోన్ చేసింది.

మోటారుసైకిల్ టాక్సీ నడిపే గియోనో కంగారుపడ్డాడు. "ఎవరైనా తరుముతున్నారా ఏంటే?"

"రెండు గేములు గెలిచానయ్యా! మనం ఇక్కడికొచ్చేద్దాం!"

"నీకు జీతం సగం. అంత చిన్న ఊళ్లో నా బండెవరెక్కుతారు?"

"మనిద్దరం పగటిపూట కూర్చుని కలిసి తిని ఎన్నాళ్లైంది, చెప్పు?"

అవతల బండి ఇంజన్ ఆపిన చప్పుడైంది. "అక్కడ సోటో సూపు గిన్నె ఎంత?" అన్నాడు.

"పదివేలు."

"అందులో కోడి ఉంటుందా?"

"కంటికి కనిపించేంత ఉంది!"

రంజాను నెలకు ముందే మారిపోయారు. మొదటి మూడు నెలలు గియోనోకు బేరాల్లేవు. గుమ్మంలో కూర్చుని జకార్తా ట్రాఫిక్‌ను సైతం తలచుకుని నిట్టూర్చాడు. తర్వాత బాటిక్ అద్దకందార్ల బట్టలు బజారుకు చేరవేసే పని కుదిరింది. వెనకటిలా డబ్బు మిగలడం లేదు. కొత్త ఫోను కొనే ఆలోచన మానుకున్నారు. మధ్యాహ్నాలు మాత్రం ఆమె ఇంటికొచ్చేస్తుంది, ఇద్దరూ కలిసే తింటారు.

ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవం షటిల్ పోటీల్లో, నలభై ఒకటో ఏట, సులస్త్రి ఫైనల్ దాకా వెళ్లింది. పందొమ్మిదేళ్ల పిల్ల చేతిలో రెండే పాయింట్లతో ఓడింది. వీధి వీధంతా చప్పట్లు కొడుతుంటే, ఆయాసంతో నడుం పట్టుకుని, గెలిచినదానిలా నవ్వింది. గియోనో అరిచిన అరుపులకు గొంతు పోయి, మర్నాడంతా అద్దకందార్లతో సైగలతోనే బేరమాడాడు.