కాలువ దగ్గర నాయన ఎందుకు ఆగేవాడు

మా చిన్నప్పుడు... చలికాలం తెల్లవారుజామునే మా నాయన సైకిల్‌కు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకొని జమ్మలమడుగుకు బయలుదేరేవాడు. మాది మైలవరం పోయే దావలో చిన్న పల్లె. పంచె ఎగ్గట్టి తొక్కాలి కదా... మోకాళ్లు రెండూ చలిగాలికి బయటే ఉండేవి.

ఆ ఏడు నాయన కుడి మోకాలు పట్టేసింది. అమ్మ ఆముదం వెచ్చజేసి రుద్దింది, వావిలాకుతో కాపడం పెట్టింది... లాభం లేకపోయింది. చివరికి పాత కంబళి చించి, మోకాళ్లకు చుట్టుకునేలా రెండు పట్టీలు కుట్టి నాడాలు పెట్టింది.

నాయన సైకిల్ ఆగితే ఎనుములు, అదే మా పాడి గేదెలు, అమ్మేయాలి. ఏడో తరగతిలో ఉన్న నేను బడి మాని కూలికి పోవాలి. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి... ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

మా పాలు ఎక్కువ పోసుకునేది జమ్మలమడుగులో టీ కొట్టు బాషా మామ. ఒకరోజు నేను అక్కడి బడి నుంచి వస్తుంటే పిలిచాడు.

"రేయ్, ఇట్ల రా. మీ నాయన పొద్దున్నే కాలవకాడ దేనికి నిలబడతాడు?"

"నాకు తెల్దు మామా."

"మొదటి బస్సులో వచ్చేటోళ్లు రోజూ చూస్తాండారంట. కల్వర్టు కాడ సైకిలాపి, క్యాన్ల పక్కన వంగుకోని ఏందో చేస్తాండాడంట. పాలోడు కాలవకాడ వంగితే నేనేమనుకోవాల?"

మా నాయన అట్లాంటోడు కాదు అని అప్పుడే అనాల్సింది... నోరు రాలేదు. ఎందుకంటే ఒక ఎనుము ఆ వారం పాలు తగ్గించింది, క్యాన్లు మాత్రం నిండుగానే పోతున్నాయి. పక్కింటి పాలు కూడా నాయన తీసుకుపోతున్నాడని నాకు అప్పుడు తెలియదు.

"పాలు బాగానే ఉండాయి, నేను కాదనను," అన్నాడు బాషా మామ. "అయినా మనసొప్పడంల్యా. రేపు నేనే వచ్చి చూస్తా. నువ్వూ ఉండాల. లేకుంటే బాషా లేనిది పుట్టించినాడంటారు మీ ఊర్లో."

ఆ పూట అన్నంలో పోసిన మజ్జిగ కూడా నాకు పలుచగానే కనపడింది. అనుమానం ఒకసారి దూరిందంటే అంతే...

మరుసటి రోజు, సారు దగ్గర లెక్కలు చెప్పించుకోవాలని అమ్మతో అబద్ధం చెప్పి, నాయన కంటే ముందే నడిచిపోయాను. నిక్కరు, పలుచని చొక్కా... పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. బాషా మామ అప్పటికే కల్వర్టు కింద గట్టు వాలులో దుప్పటి కప్పుకొని కూర్చున్నాడు. తన సైకిల్‌ను కంపచెట్ల చాటున పెట్టాడు.

"వస్తాండాడు... దగ్గొద్దు."

నాయన వచ్చాడు. దిగాడు. సైకిల్‌ను కల్వర్టు గోడకు ఆనించాడు. క్యాన్ మూత మీద చెయ్యి వేస్తాడేమోనని నా కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి...

మూత ముట్టుకోలేదు. గోడ మీద కూర్చొని, పిక్కల దాకా జారిపోయిన కంబళి పట్టీలు పైకి లాక్కున్నాడు. నాడాలు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. రెండు చేతులతో మోకాలు ఒత్తుకున్నాడు. లేవబోయి, లేవలేక కూర్చున్నాడు. మళ్లీ లేవబోయాడు. మూడోసారి హ్యాండిల్ పట్టుకుంటే గానీ నిలబడలేకపోయాడు.

బాషా మామ లేచాడు.

"ఎవరప్పా అది?" నాయన అదిరిపడ్డాడు.

"నేనే, బాషాను."

"నువ్వేంది ఈడ, ఇంత చలిలో?"

"నీ పాలు చూసిపోదామని వచ్చినా సుబ్బన్నా. మోకాళ్లు చూసినా." పట్టీల వైపు చెయ్యి చూపి అన్నాడు, "ఇంటికాడ్నే గట్టిగా కట్టుకోవచ్చు గదప్పా?"

"గట్టిగా కడితే నెత్తురాడదు. వదులుగా కడితే దిగిపోతాది. దిగిపోతాండాయని చెప్తే, శానా కష్టపడి కుట్టింది పాపం, ఆమె బాధపడతాది."

అప్పుడు నాయన నన్ను చూశాడు. అంతా అర్థమైంది ఆయనకు. నా దగ్గరికి వచ్చి కుంటుతూనే వంగాడు.

"ఇంత చలిలో మోకాళ్లు తెరుచుకోని వస్తారా రా?"

తన పట్టీలు విప్పి నా కాళ్లకు కట్టాడు. ఆ రోజు ఒట్టి మోకాళ్లతోనే జమ్మలమడుగు దాకా తొక్కాడు. బాషా మామ ఒక క్యాన్ తన సైకిల్‌కు మార్చుకున్నాడు.

సాయంత్రం పట్టీలు దిగిపోతున్న సంగతి నేనే అమ్మకు చెప్పేశాను. అమ్మ ఏమీ బాధపడలేదు, "ముందే చెప్పి ఏడ్వచ్చు గదా మీ నాయన," అని, పట్టీలను నడుముకు కట్టుకునే తాడుకు కలిపి కుట్టింది. ఇక జారలేదు. సైకిల్ కాలువ దగ్గర ఆగలేదు. నేను పదో తరగతి దాకా చదివాను.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో ఉంటున్నా. మా అమ్మాయి పులివెందులలో నర్సు, చీనీ, అదే బత్తాయి, తోటల పక్క దావన సైకిల్ మీద డ్యూటీకి పోతుంది. మొన్న మోకాళ్లకు నల్లటి పట్టీలు వేసుకొని ఫోటో పంపింది. నా సంతోషం ఏమని చెప్పను... వీధిలో అందరికీ రెండేసి సార్లు చూపించాను. అయినా అనుమానం పోదు కదా, ఫోన్ చేశాను.

"అవి దిగిపోవు గదా తల్లీ?"

"దిగవు నాయనా. సీటు ఎత్తు పెట్టుకున్నా, ఒళ్లు వేడెక్కేదాకా మెల్లగానే తొక్కుతాండా. సాలునా?"

మీ ఇళ్లలో చలికి మోకాళ్లకు ఏం కట్టేవాళ్లు? ఎవరినైనా నాలాగా అనుమానించి ఉంటే, అది కూడా రాయండి... దాచుకోకండి.

ఇప్పుడు పాలు ప్యాకెట్లో వస్తున్నాయి. ఇప్పుడూ అనుమానమే... కానీ చలిలో పోయి దాక్కొని చూసి, తప్పు నాదేనని తల దించుకుందామంటే, ఎదురుగా పాలు పోసే మనిషి లేడు.