ఫహ్మీ సార్ చెప్పిన ఇరుకు దారి

పూర్తిగా ఎండిపోయిన గోనెసంచుల మీద నీళ్ళు పోస్తే ఒక వాసన వస్తుంది. కాలిన దుమ్ము, సిమెంటు, జనపనార కలిసిన వాసన. తడి ఆరకుండా చూసుకున్న సంచుల మీద పోస్తే అది రాదు. ఈ శనివారం పొద్దున, ఇక్కడ గల్ఫ్‌లో, రుసైల్‌లోని మా కొత్త షెడ్డు స్లాబు మీద పరిచిన సంచులకు పైపు పెట్టగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. శుక్రవారం తడపాల్సిన మనిషి తడపలేదన్నమాట. సంచి ఎత్తి చూస్తే స్లాబు నిండా సన్నటి పగుళ్ళు. ఆఫీసు క్లర్కు పేర్ల కాగితం పట్టుకుని, పనిలోంచి తీసేయడానికి ఎవరి పేరు కొట్టేయాలో చెప్పమని పక్కనే నిలబడ్డాడు. ఫోర్‌మన్‌ని నేను కాబట్టి చెప్పాల్సింది నేనే. నాకు మాత్రం ఫహ్మీ సార్ గుర్తొచ్చారు.

ఫహ్మీ సార్ ఈజిప్టు మనిషి, లక్సర్ ఊరివారు. నేను జగిత్యాల నుంచి హెల్పర్‌గా వచ్చినప్పుడు ఆయన మా ఫోర్‌మన్. అరబ్బీ కలిపిన హిందీలో మాట్లాడేవారు. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను. చేతికి టీ అందితే చాలు, వాళ్ళ ఊరి గుడి గోడల మీద తన యుద్ధాలన్నీ చెక్కించుకున్న మూడో థుట్మోస్ అనే రాజును తెచ్చి మా మధ్య కూర్చోబెట్టేవారు. ఆ రాజుకు చిన్నతనంలోనే కిరీటం వచ్చినా, రాజ్యం నడిపింది సవతి తల్లి హత్‌షెప్‌సుత్. ఆమె పోగానే, ఇతనేం చేస్తాడులే అని ఉత్తరాది రాజులంతా మెగిద్దో కోట దగ్గర ఏకమయ్యారు. అక్కడికి మూడు దారులు. రెండు వెడల్పువి, ఒకటి గుర్రం వెనక గుర్రం నడవాల్సిన ఇరుకు కనుమ. సేనాపతులు వద్దని బతిమాలినా రాజు ఇరుకు దారే పట్టాడు. అందరికంటే ముందు తనే నడిచాడు. శత్రువులు వెడల్పు దారుల దగ్గర కాపు కాస్తూ ఉండిపోయారు.

"మీ రాజు శుక్రవారం గూడ డ్యూటీ చేసిండా సార్?" అని మాతో పనిచేసే లచ్చన్న ఆటపట్టించాడు.

"అతను సెలవు తీసుకోలేదు. అతని సైనికులు తీసుకున్నారు. అదే కొంప ముంచింది," అన్నారు సార్. మైదానంలో గెలిచాక వాళ్ళు పారిపోయేవాళ్ళను తరమకుండా, శత్రువులు వదిలేసిన గుడారాల్లో బంగారం, రథాలు పోగేసుకుంటూ ఆగిపోయారట. ఈలోగా కోట తలుపులు మూసుకున్నాయి. ఒక్క పూటలో తేలే పనికి ఏడు నెలల ముట్టడి పట్టింది. మేం నవ్వుకుని మళ్ళీ పారలు అందుకున్నాం.

ఆ ఎండాకాలం సమాయిల్‌లో ఖర్జూరాల గోదాము కట్టాం. గురువారం స్లాబు పోశాం. కష్టమంతా పోసేటప్పుడే అనుకుంటారు చూసేవాళ్ళు; ఆ తర్వాత పైన పరిచిన సంచులు ఆరకుండా గంట గంటకూ తడపడమే అసలు పని. శుక్రవారం వంతు నాది. ఆ రోజే మావాళ్ళ బస్సు దార్సైట్ కృష్ణుడి గుడికి బయలుదేరింది. ఊరు వదిలాక నేను గుడి గడప తొక్కలేదు. పెద్ద పని గట్టెక్కింది కదా అనుకుని, సంచులు మునిగేలా నీళ్ళు పోసి బస్సెక్కాను. గుడిలో పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. సాయంత్రం వచ్చేసరికి సంచులు అప్పడాల్లా ఉన్నాయి.

మర్నాడు పగుళ్ళు చూసిన మేనేజర్ నా వీసా రద్దు చేయమన్నాడు. అప్పటికే ఒకసారి ఏజెంటు చేతిలో మోసపోయి దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాణ్ణి. మళ్ళీ పంపేస్తే ఇక నాకు గల్ఫ్ లేదు. భయంతో, వచ్చిన కాస్త హిందీ కూడా మరిచిపోయి, ఫహ్మీ సార్‌తో "నీళ్ళు మస్తు పోసిన సార్, పొద్దుగూకెదాక ఆగుతయనుకున్న," అన్నాను. ఆయన తిట్టలేదు. "గుడారాల దగ్గర ఆగిపోయావు," అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజర్ గదిలోకి ఆయన వెనకే వెళ్ళాను. మేనేజర్ నా పేరు మీద కలం పెట్టాడు. సార్ చెయ్యి అడ్డం పెట్టి, "అవ్వల్ అనా," అన్నారు. ముందు నేను, అని. "శుక్రవారం వచ్చి చూడాల్సింది నేను, రాలేదు. నా పేరు కొట్టేశాక ఇతనిది కొట్టండి." మేనేజర్ కలం పక్కన పెట్టాడు. మాకు ఏడు రోజులు గడువిచ్చాడు. పగిలిన పైపొర చెక్కేసి మళ్ళీ వేయాలి, లేదంటే ఇద్దరం ఇంటికే.

"వాళ్ళకు ఏడు నెలలు, మనకు ఏడు రోజులు. యల్లా, పద," అంటూ ఆయనే ముందు సుత్తి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఆ రాజు ఎప్పుడూ తప్పు చేయలేదా అని పని మధ్యలో అడిగాను.

"చేశాడు. ముసలితనంలో సవతి తల్లి పేరును గోడల మీద ఉలితో కొట్టించేశాడు. చిన్నప్పుడు ఆ గోడల పక్కనే తిరిగాను. పేరు తీసేసిన చోట చెయ్యి పెడితే ఇప్పటికీ తెలుస్తుంది. అతని దగ్గర ఇరుకు దారి నేర్చుకో, ఇది నేర్చుకోకు."

ఆరో రోజుకే పని ముగిసింది. నేను ఇక్కడే ఉండిపోయాను. హెల్పర్‌ని మేస్త్రీనయ్యాను, మేస్త్రీని ఫోర్‌మన్‌నయ్యాను. సార్ లక్సర్ వెళ్ళిపోతూ ఆ సుత్తి నాకిచ్చారు. దాని పిడి రెండుసార్లు మార్చాను.

ఇప్పుడు రుసైల్‌లో ఈ శుక్రవారం వంతు మా హెల్పర్ గంగారాందని నాకు తెలుసు. స్తంభం పక్కన నిలబడి బూట్ల కేసి చూస్తున్నాడు.

"గుడికి పోయిన అన్నా," అన్నాడు మెల్లగా.

"పులిహోర తిన్నవా?"

"తిన్న."

"అయితే సుత్తి తెచ్చుకో."

క్లర్కు ఇంకా కలం ఎత్తిపట్టుకునే ఉన్నాడు. "అవ్వల్ అనా," అని చెప్పి, నా సుత్తి తీసుకుని స్లాబు మీదికి ముందు నేనే నడిచాను.