తలుపు వెనక చప్పుడు లేదు

ఇవాళ ఇబ్రహీంపట్నంలో పిల్లల పళ్ల డాక్టరు దగ్గర లవంగ నూనె వాసన తగలగానే చిన్నప్పుడు నాకు పన్ను పీకించిన రోజు గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పన్ను పీకించడమంటే ఇంట్లోవాళ్లు మీదపడి పట్టుకోవడమే. బాపు నన్ను చేతులు కదలకుండా తన తువ్వాలలో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ తువ్వాలకు బీడీ వాసన. అమ్మ నా కాళ్లు పట్టుకుంది. గొంతు పోయేదాకా ఏడ్చాను.

ఇవాళ వంతు నా ఐదేళ్ల కూతురిది. ముక్కుకు గ్యాస్ పెడితే మెలకువగానే ఉంటుందని, ఇంతగా బెదిరే పిల్లకు అది చాలదని, మత్తు డాక్టరును పక్కన పెట్టుకుని నిద్రమందు ఇద్దామని డాక్టరమ్మ చెప్పింది. సరేనన్నాను. మందు పడ్డాక పాప నా భుజం మీదే మెత్తగా వాలిపోయింది. లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు.

చప్పుడే లేదు. బల్ల మీద పక్కన కూర్చున్న అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"లోపల ఏడుపు ఇనొస్తలేదు బిడ్డా."

"పండుకున్నదమ్మా. డాక్టర్లు చూస్తనే ఉన్నరు." నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అమ్మ తలుపు వైపే చూస్తూ అంది. "నువ్వు బజారంత ఇనేటట్టు ఏడ్చినవ్. గప్పుడు నాకు గింత భయం కాలే."