పొయ్యిలో వేసిన ఓటు

నోరీన్ హాలక్‌కు అరవై ఎనిమిదేళ్ళు. అందులో నలభై ఆరేళ్ళు బూట్లు కుట్టడంలోనే గడిచిపోయాయి. కాల్డర్ ఫెర్రీలో చెట్లు కొట్టేవాళ్ళ మేకుల బూట్లకు కొత్త అడుగు పడాలంటే మెయిన్ స్ట్రీట్‌లో ఆవిడ కొట్టుకే రావాలి, వేరే దిక్కు లేదు. కింద కొట్టు, పైన కాపురం. రెండూ వాళ్ళ నాన్న వదిలి వెళ్ళిన పాత ఇటుకల మేడలోనే. మనిషి ముక్కుసూటి. బూటు ఆయుష్షు తీరిపోయిందనిపిస్తే, "దీనికి నా దారం కూడా దండగ. పోయి కొత్తవి కొనుక్కో" అని వచ్చిన బేరాన్ని తనే తరిమేసేది. అలాంటి మనిషి మాట తప్పిందంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు? తమ్ముడు వెండెల్ అసలే నమ్మలేదు.

వెండెల్ ఆవిడకంటే నాలుగేళ్ళు చిన్న. కర్రల మిల్లు మూతపడేదాకా అందులో పని చేశాడు. ఊరివాళ్ళే జీతం లేకుండా నడిపే ఫైర్ స్టేషన్‌కు ముప్ఫై ఏళ్ళుగా కెప్టెన్. ప్రతి ఆదివారం అక్క ఇంట్లోనే భోజనం. పెళ్ళాం పోయాక అది ఇంకా గట్టిపడింది. ప్రేమకు కొదవ లేదు గానీ ఓట్లు వచ్చాయంటే ఇద్దరూ ఉప్పూ నిప్పూ. అక్క ఔనంటే తమ్ముడు కాదనాలి, అదొక జబ్బు.

ఎనభై ఏడులో బడి పన్ను మీద పోట్లాడుకుని ఇద్దరూ ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. మరుసటి ఎన్నికకు ఓటేసి తిప్పి పంపాల్సిన బ్యాలెట్ కవర్లు పోస్టులో ఇళ్ళకు రాగానే వాళ్ళమ్మ ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది. చేతుల్లోని కవర్లు రెండూ లాక్కుని పొయ్యిలో పడేసింది. "దానిదొకటి, వీడిదొకటి. కలిపితే సున్నా. ఈ సున్నా కోసం నా కడుపున పుట్టినవాళ్ళు కొట్టుకు చావాలా? కేకు తినండి" అంది. అప్పట్నుంచి అదే ఆచారమైపోయింది. పొసగని ఎన్నిక వస్తే చాలు, వెండెల్ తన కవరు పట్టుకుని అక్క వంటింటికి వస్తాడు. ఇద్దరూ కలిసి కట్టెల పొయ్యిలో వేస్తారు. "సున్నా" అంటాడు వాడు. "సున్నా" అంటుంది ఈవిడ. తర్వాత కేకు. వాళ్ళమ్మ పోయినా సున్నా పోలేదు.

ఈసారి వచ్చింది మెయిన్ స్ట్రీట్ పథకం. మిల్లు పోయాక మా మెయిన్ స్ట్రీట్ పళ్ళూడిన నోరులా తయారైంది. దాన్ని బాగు చేయించడానికి ఊరి కౌన్సిల్ అప్పు తెస్తుందట. వీధి కళకళలాడితే అక్కడి స్థలాల ధర పెరుగుతుంది, దాంతో పన్నూ పెరుగుతుంది. ఆ పెరిగిన పన్నంతా ఇరవై ఏళ్ళు ఆ వీధికే. ఎవరి మీదా కొత్త పన్ను లేదు. కాకపోతే ఫైర్ స్టేషన్‌కు ఆ పెరిగినదాంట్లో వాటా రాదు, పాత వాటాతోనే సరిపెట్టుకోవాలి. ఇంతకీ ఊరు ఒప్పుకుంటేనే ఏదైనా.

నోరీన్‌కు ఆ పథకం ప్రాణంతో సమానం. మేడ వెనక గోడ ఉబ్బింది. ఇంజనీరు వచ్చి చూసి, ఏడాది చివరికల్లా బాగు చేయించండి, లేదంటే ఖాళీ చేయండి అని కాగితం అంటించి పోయాడు. పథకం గెలిస్తే పాత కట్టడాలకు సాయం అందుతుంది. ఓడితే కొట్టూ ఇల్లూ రెండూ ఒక్కసారే పోతాయి.

"నీ గోడ నిలబడ్డానికి నా బండి చావాలా అక్కా?" అన్నాడు వెండెల్. వాడి ఫైరింజన్ వయసు ముప్ఫై ఒకటి. చర్చి మిట్ట ఎక్కాలంటే మధ్యలో ఆగి ఆయాసపడుతుంది.

"నీ బండి గురించి నాకు చెప్పకురా. పోయినసారి ఆ మిట్ట మీద మంటలు ఆరిపోయాక వెళ్ళి చేరారు మీరు."

"అదే కదా నేను చెప్పేది!"

ఎన్నిక ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆదివారం నాడు, కవర్లు రెండూ పొయ్యిలో పడ్డాయి. సున్నా అనుకున్నారు, పుల్లటి రూబార్బ్ కాడల కేకు తిన్నారు. ఆ రోజు నోరీన్ మనసులో ఏ కల్మషమూ లేదు. అది మాత్రం నేను ఒట్టేసి చెప్పగలను.

చిక్కు వచ్చింది మర్నాడు. పథకం కోసం గడపగడపకూ తిరిగేవాళ్ళలో ఆవిడే ముందుండేది. ఇంకా ఓటు పంపనివాళ్ళ పేర్లు ఎన్నికలు చూసుకునే కౌంటీ ఆఫీసు ఇస్తుంది. ఆ జాబితా పట్టుకుని కోడీ ప్రూట్ ఇంటికెళ్ళింది. వాడు చెట్లు కొట్టే కుర్రాడు, వాడి బూట్లకు మూడుసార్లు అడుగులు మార్చింది ఆవిడే.

"ఏరా, నీ ఓటు ఇంకా చేరలేదట. బద్ధకమా?"

వాడు జాబితాలోకి తొంగి చూసి పకపకా నవ్వాడు. "బాగుంది పెద్దమ్మా! నీ పేరు కూడా ఇందులోనే ఉందే! ఊరందరి గడపా అరగదీస్తున్నావు, నీ ఓటేది?"

పొయ్యిలో వేశానని నోరీన్ ఎలా చెప్పుకుంటుంది? "పంపిస్తాలే" అని గొణిగి మెట్లు దిగింది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు. తన కొట్టు కూలిపోతుంటే తమ్ముడి సున్నాను కాపాడుకుంటూ కూర్చుందే! ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని బూటు కుడుతుంటే వెనక గోడ నుంచి ఒక ఇటుక ఊడి ఆవిడ స్టూలుకు జానెడు దూరంలో పడింది. ఆ ఇటుకను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

మంగళవారం బస్సెక్కి కౌంటీ ఆఫీసుకు పోయింది.

"పాత బ్యాలెట్ ఏమైందండీ?" అని అడిగింది అక్కడి అమ్మాయి.

"పొయ్యిలో పడింది."

"నయమే. పొద్దున ఒకాయన మేక తినేసిందన్నాడు" అని ఆ పిల్ల నవ్వి కొత్తది చేతికిచ్చింది. నోరీన్ అక్కడే గుర్తు పెట్టి, సంతకం చేసి, గుమ్మం పక్కనున్న డబ్బాలో వేసేసింది. చట్టప్రకారం తప్పు లేదు. బస్సులో తిరిగొస్తున్నంత సేపూ ఆవిడ తనకు తాను చెప్పుకున్నది అదే.

పథకం గెలిచింది. ఏడు వందల నలభై మూడు ఔను, ఏడు వందల నలభై రెండు కాదు. మళ్ళీ లెక్కపెట్టారు, అవే అంకెలు. సమానమై ఉంటే వీగిపోయేది. ఇక చూడండి ఊరి సంబరం! ఒక్క ఓటు కదా, ప్రతివాడూ అది తనదేనంటాడు. రొట్టెల కొట్టాయన తనదేనన్నాడు, మంగలి తనదేనన్నాడు, కోడీ అయితే బీరు గ్లాసు ఎత్తి మరీ చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నోరీన్ ఒక్కతే తల వంచుకుని ఇంటిదారి పట్టింది.

ఆదివారం వెండెల్ వచ్చాడు. వస్తూనే టోపీ బల్ల మీదికి విసిరాడు.

"పొద్దున స్టేషన్లో డ్వైట్‌తో పోట్లాడానక్కా."

డ్వైట్ ఫైరింజన్ డ్రైవరు. ముప్ఫై ఏళ్ళ స్నేహం వాళ్ళది.

"ఎందుకురా?"

"వాడు ఓటేసినవాళ్ళ జాబితా తెచ్చాడు. నా పేరు లేదట. 'ఒక్క ఓటు కెప్టెన్, ఒక్కటి! నువ్వు వేసుంటే బండి వచ్చేది' అని నా మీద పడ్డాడు. నేను వెయ్యలేదు, మా అక్కా వెయ్యలేదు, దానికీ దీనికీ చెల్లు అన్నాను. మీ అక్క పేరుంది చూడు అన్నాడు. ఆఫీసువాళ్ళ తప్పురా వెధవా అన్నాను. నా కళ్ళ ముందే కాల్చింది, మా అక్క గురించి ఇంకో మాటన్నావంటే పళ్ళు రాలగొడతానన్నాను." ఊపిరి తీసుకుని కేకు ముక్క ముందుకు లాక్కున్నాడు. "రేపు కౌంటీ ఆఫీసుకెళ్ళి ఆ తప్పు దిద్దిస్తాను. నువ్వూ రావాలి."

నోరీన్ పొయ్యి వైపు చూసింది. అబద్ధం ఎంత సులువుగా దొరికిందో! తమ్ముడే అల్లి చేతిలో పెట్టాడు. ఔననేస్తే చాలు.

"ఆఫీసు తప్పు కాదురా" అంది. "కాల్చిన రెండో రోజు వెళ్ళి ఇంకోటి తెచ్చుకుని వేశాను."

వెండెల్ నమలడం ఆపేశాడు. ఆ తర్వాత చెంచా పళ్ళెంలో పెట్టి, టోపీ తీసుకుని లేచాడు.

"నేను డ్వైట్ దగ్గరికి పోవాలి" అన్నాడంతే. ఆ ఇంట్లో వాడు కేకు సగంలో వదిలి పోవడం అదే మొదటిసారి.

ఎండాకాలమంతా గోడ పని నడిచింది. ఇనప కమ్మీలు వేసి కొత్త ఇటుకలు పేర్చారు. ఆదివారాలు వెండెల్ రాలేదు. నోరీన్ కేకు చేయడం మానలేదు. సోమవారం పొద్దున్నే దాన్ని గోడ పనివాళ్ళకు పంచేది. ఏడ్చిందా అంటే ఏడ్చింది. గోడ దక్కిందన్న సంతోషం లేదా అంటే అదీ ఉంది. రెండూ ఉన్నాయి.

నవంబరులో ఫైరింజన్ కొనడానికి కొత్త పన్ను ఓటుకు వచ్చింది. నోరీన్ మళ్ళీ గడపగడపకూ తిరిగింది, ఈసారి తమ్ముడి బండి కోసం. ఎవరూ అడగలేదు, తనే వెళ్ళింది. ఎన్నికనాటి మధ్యాహ్నం మెట్లెక్కుతున్న బూట్ల చప్పుడు వినిపించింది. ఆ బూట్లను కుట్టింది తనే, చప్పుడును బట్టే పోల్చుకుంది.

వెండెల్ కవరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"ఈసారి ఇద్దరిదీ ఔనేనట కదా?"

"ఔనేరా. ముప్ఫై ఏళ్ళకు."

"నీది పంపావా?"

"లేదు. ఇదుగో, బల్ల మీదే ఉంది." నువ్వు వస్తావేమోనని ఆగానని చెప్పలేదు. వాడికి తెలుసు.

"అయితే పద, వేసొద్దాం."

ఎదురుగా లైబ్రరీ ముందున్న ఓట్ల డబ్బా దగ్గరికి రోడ్డు దాటి వెళ్ళారు. సన్నగా జల్లు పడుతోంది. మళ్ళీ కలిశాం, అంతే చాలు అనుకుంది నోరీన్. డబ్బా దగ్గర పక్కకు తప్పుకుని, "ముందు నువ్వెయ్" అంది.

"లేదక్కా" అన్నాడు వెండెల్. గొంతులో కోపం లేదు. "ముందు నువ్వెయ్. నేను చూస్తాను."

నోరీన్ కవరును సందులోకి తోసింది. అది అడుగున పడిన చప్పుడు వినపడేదాకా వాడు ఆవిడ చేతి మీంచి చూపు తిప్పలేదు.