మూతి బరువు తుపాకీ

మా గైడ్ సార్ నోట మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. ఏ ఆయుధం గురించి రాసుకెళ్లినా, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఒకటే అడిగేవారు: "మోసి చూసినవా?"

నా పరిశోధన, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లు ప్రయోగంగా చేసిన ఒక రైఫిల్ మీద. గొట్టానికి బెజ్జం పెట్టొద్దని వాళ్ల సైన్యం షరతు పెట్టింది. దాంతో తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌ను పట్టి, తర్వాతి తూటాను ఎక్కించే భాగం మూతి దగ్గరికి చేరి, తుపాకీ ముందుకు వాలేది. నేను దాన్ని "స్వల్ప లోపం" అని రాశాను.

మర్నాడు సార్ ఒక ఇనుప పైపు తెచ్చారు. దాని కొసకు ఇసుక మూట కట్టి ఉంది.

"గురి పెట్టినట్టే పట్టుకొని నడు," అన్నారు.

క్యాంపస్ గేటు నుంచి తార్నాక దాకా, ఆయన పక్కన అలాగే నడిచాను. ఆటోవాళ్లు నవ్వారు. చౌరస్తాలో కానిస్టేబుల్ ఆపాడు.

"ఏంది సార్ గిది?"

"పీహెచ్‌డీ," అన్నారు సార్.

అప్పటికి పైపు కొస నేలచూపులు చూస్తోంది. ఎంత లేపినా లేవడం లేదు.

"ఇగో, శత్రువు ఎదురొచ్చిండు. కాల్చు," అన్నారాయన.

ఆ సాయంత్రమే "స్వల్ప" కొట్టేశాను.

ఇప్పుడు అదే క్యాంపస్‌లో నేను గైడ్‌ని. పైపు నా గది తలుపు వెనక ఉంటుంది. నా విద్యార్థులెవరూ ఆ మాట రాయరు.