సీసాల్లో పడిన అక్షింతలు

మొన్న జ్వరానికి ఇంజెక్షన్ చేయించుకోవడానికి వెళితే, నర్సు చేతికి స్పిరిట్ దూది రాయగానే ఆ వాసనకి నాకు కడియం దగ్గర మావయ్య నర్సరీలోని సీసాల గది గుర్తొచ్చింది. డిగ్రీ అయిన కొత్తలో నేను పనిలో చేరింది అక్కడే. నలుగురిలో నోరు విప్పాలంటే బెదిరిపోయే నాకు, మాస్కు కట్టుకుని రోజంతా మాటల్లేకుండా కూర్చునే ఉద్యోగం దొరికిందని డైరీలో సంతోషంగా రాసుకున్నాను.

సర్పగంధి అనే మందుమొక్క చిగురు కోసి, శుభ్రంగా కడిగి, సీసాలో జెల్లీలా గడ్డకట్టిన ఆహారంలో గుచ్చి, మూత బిగించి ట్యూబులైట్ల కింద పేర్చడం మా పని. కొన్నాళ్లకి ఆ చిగురు పక్కనే ఇంకొన్ని పుడితే, విడదీసి మళ్లీ గుచ్చాలి. సర్పగంధి విత్తనాలు సరిగా మొలవవు గనకే మావయ్య పాత కుండీలు పడేసే గదిని ఇలా మార్పించాడు. పాలకొల్లులో ఆయుర్వేద మందులు చేసే ఒకాయన వేసవికి మొక్కలు కావాలన్నారు. అవి అందించలేకపోతే అది మళ్లీ కుండీలు పడేసే గది అయిపోతుంది, నేను ఇంటికి వెళ్లిపోవాలి.

దసరాకి నర్సరీలో కత్తెరలకీ పారలకీ నీళ్ల మోటారుకీ బొట్లు పెట్టడం అలవాటు. ఆ ఏడు అత్తయ్య పళ్లెం పట్టుకుని మా గదికీ వచ్చింది. తల్లో పూలు తీసి, చేతులకి స్పిరిట్ రాసుకుంటే గానీ మేము అడుగుపెట్టని గది అది. తలుపుకి పెడితే చాలు అత్తయ్యా అని గొణిగాను. "పారకి పెట్టి వీటికి పెట్టకపోతే చిన్నబుచ్చుకోవూ?" అంటూ లోపలికి వచ్చేసి, ముందు బల్ల మీద సీసాల మూతలు తీయబోయింది. వద్దని అడ్డం వెళ్లాను. "మూతుంటే అక్షింతలు ఎక్కడ పడతాయే, పిచ్చిదానా" అని నన్ను పక్కకి జరిపి, పిల్లల్ని దీవించినట్టు ఒక్కో సీసాలో నాలుగు గింజలు వేసింది.

వారం తిరక్కుండానే ఆ పసుపు బియ్యం చుట్టూ తెల్లటి బూజు దూదిలా అల్లుకుని చిగుళ్లని కప్పేసింది. మావయ్య చూసి, ఇంక కుండీలు లోపల పెట్టించేస్తానన్నాడు. వెనక బల్ల మీదవి బాగానే ఉన్నాయనీ, వాటితో మళ్లీ మొదలుపెడతాననీ, వేసవి దాకా ఆగమనీ గబగబా చెప్పేశాను.

"ఏంటమ్మా, నీకూ మాటలొచ్చా?" అన్నాడు. కాసేపు ఆ వెనక బల్లకేసి చూసి, సరే కానియ్ అన్నాడు. అత్తయ్య మాత్రం ఆ పాడైన సీసాలన్నీ తనే ఉడకబెట్టి, తోమి, ఎండలో బోర్లించింది.

వేసవిలో మొక్కలు టెంపోలో పాలకొల్లు వెళ్లాయి. గది నిలిచింది, ఆ తర్వాత పెరిగింది కూడా. ఉద్యోగం మారి నేను నిడదవోలు వచ్చేశాను.

కిందటి దసరాకి వెళితే ఆ గదికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, గోడకి లోపలంతా కనపడే పెద్ద అద్దం ఉన్నాయి. అత్తయ్య అద్దానికి బయటి వైపు బొట్టు పెట్టి, లోపల టోపీ, మాస్కు వేసుకుని వంగి పని చేసుకుంటున్న అమ్మాయిని చూసి, ఎవరమ్మాయే అని నన్నడిగింది. ఒకప్పుడు ఆ నర్సరీలో పనిచేసే వాళ్లందరి ఇంటి సంగతులూ ఆవిడకి తెలిసేవి. నాకూ తెలియదన్నాను. ఇద్దరం కాసేపు అక్కడే నిలబడ్డాం గానీ, ఆ అమ్మాయి పనిలోంచి తలెత్తలేదు.