కుక్కల రిజిస్టరులో బాలమణి

సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చాను. చివరి పోస్టింగు మాత్రం హైటెక్ సిటీ వెనక, బండరాళ్లను ఆనుకొని కట్టిన నాలుగు టవర్ల అపార్ట్‌మెంట్లు. సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. జూన్‌లో, ఉదయం ఆరింటికి, వానలో రిపోర్టు చేశాను. వాకీటాకీ, విజిల్, రిజిస్టర్లు ఇచ్చారు.

ఆ రాళ్లలో ముంగిసలుండేవి. రేబిస్ భయంతో కమిటీ నాకిచ్చిన ఆర్డరు ఒకటే: ప్రతి పెంపుడు కుక్క టీకా తేదీ రిజిస్టరులో ఉండాలి. నలభై ఒక్క కుక్కలు. ఒక్క తేదీ తప్పనివ్వలేదు. అదో గర్వం నాకు. పనివాళ్లు షిఫ్టు మధ్యలో బయటికెళ్లాలంటే నా సంతకంతో పాసుండాలన్న రూలు కూడా నేనే పెట్టాను.

ఆగస్టులో ఒకరోజు, పదీ ఇరవైకి, ఓ ముంగిస తూలుతూ పార్కింగ్‌లోకి వచ్చి బ్రూనో అనే కుక్క మూతి కరిచింది. ఊడుస్తున్న బాలమణి చీపురుతో అదిలించబోతే ఆమె వేలూ కరిచింది. కుక్క యజమానికి వెంటనే ఫోన్ చేశాను. పది నిమిషాల్లో కుక్క కారెక్కి డాక్టరు దగ్గరికి వెళ్లింది. గేటు నేనే తీశాను.

బాలమణి వేలు చూశాను. రెండు చుక్కల రక్తం. పన్నెండింటికి కమిటీ తనిఖీ ఉంది, పార్కింగ్ సగమే ఊడ్చింది. పసుపు అద్ది గుడ్డ కట్టి, రెండింటికి షిఫ్టయ్యాక దవాఖానకు వెళ్లమన్నాను. కరిచిన చోట సబ్బుతో పావుగంట కడగాలని, కట్టు కట్టకూడదని సైన్యంలో నేర్పారు. తెలిసే కట్టాను.

వాకీటాకీలో గేటు గార్డు గొంతు వినిపించింది.

"సార్, కుక్కను పంపినం గద. ఆమెకు గూడ పాస్ రాయుండ్రి."

తనిఖీ అయ్యేదాకా పాసు లేదన్నాను. తానే తీసుకెళ్తానన్నాడు. పోస్టు వదలొద్దన్నాను. వదిలాడు. గుడ్డ విప్పి, కుళాయి కింద కడిగించి, ఆమెను తన బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. పోస్టు వదిలాడని రిపోర్టు రాశాను. మర్నాడు అతని ఉద్యోగం పోయింది. ఆ రిపోర్టు కింద నా సంతకం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

మూడు రోజులకు రెండో సూది కోసం పాసు అడగడానికి బాలమణి వచ్చింది. దవాఖాన చీటీ నా చేతికిచ్చి, టేబుల్ మీది రిజిస్టరు చూపించింది.

"నాకు సదువు రాదు సార్. కుక్కల తారీకులు మీరు మర్చిపోరు గద. నాయి గూడ గిండ్లనే రాసుకోండ్రి. జర యాది చేస్తరు."

రాశాను. సూదులన్నీ పూర్తయ్యాయి. ఆమె బాగానే ఉంది. డిసెంబరులో ఉద్యోగం మానేసి బాలానగర్‌లో మా ఇంటికి వచ్చేశాను.

ఆ పేజీ మాత్రం కళ్లముందు నుంచి పోదు. బ్రూనో కింద బాలమణి. పక్కన "జాతి" అన్న గడి. ఏం రాయాలో తెలియక అక్కడొక గీత పెట్టాను.